కొసరు నంబరు

పచ్చయ్యప్పకు తిరుత్తణిలో, కే.జీ.కండిగై పోయే రోడ్డు పక్కన మరమగ్గాలు నాలుగు ఉన్నాయి. ఇంటర్నెట్టులో స్థలాలు అయిదు ఉన్నాయి. మగ్గాలు ఇరవై ఏళ్ళుగా అన్నం పెడుతున్నాయి. స్థలాలు ఇంతవరకు ఒక పూట కాఫీ కూడా పోయలేదు సరికదా, ఏడాదికోసారి రెన్యువల్ పేరు చెప్పి ఆయనే వాటికి పోస్తున్నాడు. అయినా ఆస్తి ఏముందని ఎవరైనా అడిగితే మగ్గాల మాట ఎత్తడు. "అయిదు సైట్లు ఉండాయి" అంటాడు. అవతలివాడు ఇళ్ళ స్థలాలనుకొని కళ్ళు పెద్దవి చేస్తే, ఆ భ్రమ తీర్చడానికి తొందరపడడు.

ఆ అయిదింటి పేరూ ఒకే నంబరు. వెయ్యినూటపదహారు. దాని వెనక డాట్ ఇన్ ఒకటి, డాట్ కో డాట్ ఇన్ ఒకటి, డాట్ ఇన్ఫో, డాట్ బిజ్, డాట్ ఎక్స్‌వైజెడ్ ఒక్కొక్కటి. తెలుగువాడు ఏ దేశంలో ఉన్నా పెళ్ళిలో చదివించేటప్పుడు నోటికొచ్చే నంబరు అది. అంత గౌరవమైన నంబరు ఇంటర్నెట్టులో దిక్కులేకుండా పడి ఉంటే చూస్తూ చూస్తూ వదిలేస్తామా అని ఆయన వాదన. డాట్ కామ్ మీద మాత్రం ఎవడో చైనావాడు ముందే కూర్చున్నాడు. ముఖం కూడా ఎరగని ఆ చైనావాడి మీద పచ్చయ్యప్పకు దాయాది మీద ఉన్నంత కోపం.

ఫోను వచ్చిన పొద్దున మూడో మగ్గం ఆగి ఉంది. పాత పడుగు అయిపోతే కొత్త పడుగు ఎక్కించారు. ఏసు మగ్గం వెనక చిన్న పీట వేసుకొని, పాత పోగు కొసకు కొత్త పోగు కొస చేర్చి, బూడిద అద్దిన వేళ్ళ మధ్య ఒక్క పురి పెట్టి వదులుతున్నాడు. పురి పెట్టడం, వదలడం, పక్క పోగు అందుకోవడం. రెండు వేల పైచిలుకు పోగులు అట్లా అతకాలి. ఒక్కటి తప్పినా లుంగీ గళ్ళు చెదిరిపోతాయి. ఏసు చేతిలో గళ్ళు చెదరవు కనుక పచ్చయ్యప్ప ఆ పని ఇంకొకరికి ఇవ్వడు. ఇచ్చే కూలీ మాత్రం అందరికీ ఇచ్చేదే.

ఫోను చేసింది తిరువళ్ళూరు రాజ్‌మోహన్. స్టేషన్ రోడ్డులో ఒకప్పుడు బ్రౌజింగ్ సెంటరు నడిపినవాడు, ఇప్పుడు ఈ నెట్టు పేర్లు కొనిపెట్టడం, అమ్మిపెట్టడం అతని వ్యాపారం. పచ్చయ్యప్పకు ఈ పిచ్చి అంటించినవాడు అతనే.

"అన్నా, మీ నంబరుకు ఒక పార్టీ తగిలింది. రేపు ఒకసారి వచ్చిపోండి. ఫోన్లో వద్దు."

ఏ నంబరుకని పచ్చయ్యప్ప అడగలేదు. ఉన్నదొక్కటే నంబరు కదా. ఫోను జేబులో వేసుకొని, కండెలు చుట్టే మిషను దగ్గర కూర్చున్న భార్య వనజాక్షి వైపు చూసి మీసం మీద చెయ్యి వేశాడు.

"విన్నావా? పనికిమాలిన నంబరంటివే. పార్టీ వచ్చింది."

"ఎవురంట ఆ పుణ్యాత్ముడు?"

"ఎవుడైతే ఏమి? బొంబాయోడో, దుబాయోడో."

"డబ్బు చేతికొచ్చినాక మీసం తిప్పుదువులే. ముందు ఆ నూలుకట్ట ఇట్లా అందియ్యి" అంది వనజాక్షి.

ఏసు తల తిప్పకుండానే అన్నాడు. "మంచి జరగాలన్నా. జరిగితే ఈ మూడోదానికి మోటారు మార్చండి. వేడెక్కి వాసనొస్తా ఉండాది."

"మోటారేందిరా, షెడ్డే మారుస్తా" అన్నాడు పచ్చయ్యప్ప. నాలుగు మగ్గాల్లో రెండు ఆర్డర్లు లేక దుప్పట్లు కప్పుకొని పడుకున్నాయన్న సంగతి ఆ క్షణాన ఆయనకు గుర్తు లేదు.

*

మరుసటి రోజు పెళ్ళికి పోయేవాడిలాగా తెల్ల చొక్కా, అంచు పంచె కట్టుకొని లోకల్ రైలెక్కాడు. రాజ్‌మోహన్ ఆఫీసు సెల్‌ఫోన్ల కొట్టు మీద ఒక మేడగది. రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, గోడకు వినాయకుడు. రాజ్‌మోహన్ లేచి కుర్చీ జరిపి, కింది కొట్టు కుర్రవాడిని కేకేసి కాఫీలు తెమ్మన్నాడు. ఇంత మర్యాద ఇదివరకు ఎప్పుడూ జరగలేదు.

"ఎంతకడిగినాడప్పా? డాట్ ఇన్ ఒక్కటేనా, అయిదూ కలిపేనా?" అన్నాడు పచ్చయ్యప్ప, కాఫీ రాకముందే.

"ఏ డాట్ ఇన్?"

"వెయ్యినూటపదహారు."

రాజ్‌మోహన్ నవ్వు ఆపుకోవడానికి కాస్త తంటాలు పడ్డాడు. "అన్నా, ఒకటి చెప్తా, కోపగించుకోవద్దండి. వెయ్యినూటపదహారంటే మనకు తెలుసు. పక్కింటి తమిళాయనకే తెలీదే, ఆయన నూటొకటి చదివిస్తాడు. ఇంక ఈ నంబర్లు కొనే చైనావాడికేం తెలుస్తాది? వాడేమన్నా మీ ఇంట్లో పెండ్లికొచ్చి చదివించబోతాడా?"

"నాలుగంకెలు గదా! అంకెలు తగ్గేకొద్దీ రేటని నువ్వే అంటివి."

"అంటిని. ఇప్పుడూ అంటా. నాలుగంకెలవి మొత్తం పదివేలే, ఎవుడు తలకిందులైనా ఇంకొకటి పుట్టించలేడు. ఆ పదివేలూ డాట్ కామ్‌లో ఉంటే ఒక కథ, డాట్ ఇన్‌లో ఉంటే ఇంకో కథ. జి.ఎన్.టి. రోడ్డు మీద సెంటు సెంటే, శోళవరం చెరువు లోపల సెంటు కూడా సెంటే. రేటొకటేనా అన్నా?"

పచ్చయ్యప్ప పంచె అంచు సవరించుకున్నాడు.

"డాట్ ఇన్‌ది మన దేశం వరకే. ఓపిగ్గా కూర్చుంటే ఎవుడన్నా పదివేలిస్తాడు. ఎక్స్‌వైజెడ్‌కు అదృష్టముంటే నలుగురు బిర్యానీ తినే ఖర్చొస్తాది. బిజ్, ఇన్ఫో... అవి చెరువు లోపలివి. నీళ్ళొస్తే కనపడవు."

కాఫీ వచ్చింది. పచ్చయ్యప్ప గ్లాసు అందుకున్నాడు గానీ తాగలేదు. ఇన్నేళ్ళు ఊరంతా చెప్పుకున్న ఆస్తి ఒక్క కాఫీ చల్లారేలోపల కరిగిపోయింది. చొక్కా ఎందుకు ఇస్త్రీ చేయించుకున్నానా అనిపించింది.

"మరి పార్టీ దేనికొచ్చినాడు?"

రాజ్‌మోహన్ కంప్యూటర్ తెరను ఆయన వైపు తిప్పాడు. తెర మీద అయిదంకెలు ఉన్నాయి, వాటిలో మూడు ఎనిమిదులు. పక్కన డాట్ కామ్.

"గుర్తుండాదా? ఆ పొద్దు అయిదు నంబర్లకు డబ్బు కట్టి, కొసరేమీ లేదా అని అడిగినారు, బెండకాయలు కొన్నట్టు. నా దగ్గర ఎవురూ తీసుకోని నంబరు ఒకటి పడి ఉంటే మీ సంచిలో వేసినా. అదే ఇది."

పచ్చయ్యప్ప తెర మీదికి వంగి అంకెలు లెక్కపెట్టాడు.

"మనకు ఎనిమిదంటే శని. చైనావాళ్ళకు ఎనిమిదే లక్ష్మి. నాలుగు ఉంటే చావంటారు, సున్నా వద్దంటారు. దీంట్లో నాలుగూ లేదు, సున్నా లేదు. పైగా డాట్ కామ్. మూడున్నర లక్షలకు వచ్చినాడు. పైకి పోడు, నేను చూసినా." రాజ్‌మోహన్ నుదురు కొట్టుకున్నాడు. "ఈ సంగతి నాకప్పుడే తెలిసుంటే మీకు కొసరేస్తునా? నా నోట్లో నేనే మన్ను కొట్టుకున్నా. సరే, అది మీ రాత. మీ పేర్నే గదా ఇంకా ఉండేది? వేరే ఎవురికీ ఇయ్యలేదే?"

పచ్చయ్యప్ప గ్లాసులో కాఫీ మొత్తం ఒక్క గుక్కలో తాగాడు.

"నాదే" అన్నాడు.

"అయితే శుక్రవారం లోపల సరేనని ఒక్క మెయిలు పెట్టాల. మీ ఫోన్లోనించి నేనే పెడతా, మీరు ఊ అనండి చాలు."

*

పొద్దున రైలెక్కేటప్పుడు అయిదుగా ఉన్న స్థలాలు సాయంత్రం దిగేటప్పటికి ఆరయ్యాయి. తిరువాలంగాడు దాటేవరకు పచ్చయ్యప్ప ఆ ఆరో దాన్ని గురించి తనకు తానే నచ్చజెప్పుకుంటూ వచ్చాడు. కాగితం తన పేరున ఉంది. మెయిలు తనది. కొన్నది తను. ఇంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత ఆలోచన ఎటు తిప్పినా వచ్చి ఏసు దగ్గర ఆగుతోంది.

కొసరు నంబరు ఇంట్లోకి వచ్చిన నెలలోనే ఒక మోటారు కాలింది. శని నంబరు తెచ్చి పెట్టావని వనజాక్షి గోల చేసింది. ఆ ఏడు ఆయుధపూజ నాడు మగ్గాలకు పసుపు కుంకుమ పెట్టి, పనివాళ్ళకు మరమరాలూ బట్టలూ బోనసు కవరూ పళ్ళెంలో పెట్టి ఇస్తున్నాడు. అంతకు కొన్నాళ్ళ ముందే, పడుగు అతికే పనికి కూలీ వేరేగా ఇవ్వమని ఏసు నలుగురి ముందర అడిగాడు. ఆ మంట పచ్చయ్యప్ప కడుపులో ఉంది. ఏసు వంతు వచ్చేసరికి బట్టలు లేవు, కవరు లేదు. పళ్ళెంలో నంబరు రాసిన చీటీ ఒకటి పెట్టి, "అందరికీ గుడ్డలు, నీకు డాట్ కామ్ రా ఏసూ. శని మాకు గానీ మీకేముంది, మీకుండేది ఆదివారమొక్కటే గదా!" అన్నాడు. షెడ్డంతా విరగబడి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది వనజాక్షి. ఏసు కూడా నవ్వాడు. నవ్వుతూనే చీటీని రెండు చేతులతో అందుకొని కళ్ళకద్దుకున్నాడు.

అక్కడితో పోయినా బాగుండేది. ఏడాది తిరిగేసరికి ఏసే వచ్చి, "అన్నా, నా నంబరుకు రెన్యువల్ కట్టాల గదా?" అని అడిగాడు. పచ్చయ్యప్ప లోపల నవ్వుకొని, ఆ డబ్బు వాడి కూలీలో పట్టుకున్నాడు. ఆ మరుసటి ఏడూ అంతే. ఇప్పటివరకు అంతే. అలా పట్టుకోబట్టే ఆ నంబరు బతికి ఉంది, లేకపోతే ఏనాడో ఇంకొకడి పాలయ్యేది. ఈ ముక్క రైల్లో తట్టగానే పచ్చయ్యప్ప కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఇంటికొచ్చి, వాకిట్లో కాళ్ళు కడుక్కుంటూ భార్యకు అంతా చెప్పాడు. వనజాక్షి చెంబు చేతిలోనే పట్టుకొని నిలబడిపోయింది.

"మూడున్నర లక్షలా? ఆ శని నంబరుకా?"

"అదే."

"అది ఏసుకు ఇచ్చేసింది గదయ్యా."

"ఇచ్చిందేంది? ఎగతాళికి ఇచ్చింది."

"మరి ఏటా వాని కూలీలో పట్టుకుంటివే?"

"అదీ ఎగతాళికే" అన్నాడు. అన్న తర్వాత ఆ మాట ఆయన చెవికే వింతగా వినిపించింది.

వనజాక్షి గడప మీద కూర్చుంది. మనిషి చెడ్డది కాదు. ఆ ఇంట్లో ఆమెకూ కష్టాలున్నాయి. రెండు మగ్గాలు ఆగి ఏడాది దాటింది. షెడ్డు రేకులు వానొస్తే పడుగు మీద కారుతాయి. చెవి కమ్మలు బ్యాంకులో ఉన్నాయి. కొంచెం సేపు వేళ్ళు విరుచుకుంటూ ఆలోచించి, గొంతు తగ్గించి అంది.

"వానికి ఒక యాభై వేలిద్దాం. పెద్ద మొత్తమే గదా, సంతోషంగా తీసుకుంటాడు. మూడున్నరని చెప్పల్లేదు."

"అట్లే" అన్నాడు పచ్చయ్యప్ప. అంత సులువుగా తేలిపోయినందుకు ఇద్దరికీ ప్రాణం లేచి రావాలి. రాలేదు.

*

పొద్దున షెడ్డులో మూడో మగ్గం ఆడుతోంది. కొత్త పడుగు మీద ఆకుపచ్చ గళ్ళు ఒకటొకటిగా తేలుతున్నాయి. ఏసు పోగులు దూరే పన్నె దగ్గర వంగి, తెగిన పోగు ఒకదాన్ని వెతికి పట్టుకొని ముడి వేస్తున్నాడు. పచ్చయ్యప్పను చూసి మగ్గం ఆపాడు.

"ఏమన్నా, పార్టీ ఏమన్నాడు?"

"ఇంకా ఏం తేల్లేదు రా."

"తేలతాది లేన్నా. వెయ్యినూటపదహారంటే ఏమన్నా సామాన్యమైన నంబరా?"

వాడి మాటలో ఎగతాళి ఎక్కడైనా ఉందేమోనని పచ్చయ్యప్ప ముఖంలోకి చూశాడు. లేదు. వాడు నిజంగానే అంటున్నాడు. ఆ నంబరు గొప్పదని ఈ లోకంలో ఇంకా నమ్ముతున్నవాడు ఇప్పుడు ఏసు ఒక్కడే. పచ్చయ్యప్పకు వాడి మీద ఎక్కడలేని కోపం వచ్చింది. గళ్ళు వంకరగా ఉన్నాయని కేకలేశాడు. ఏసు వంగి చూసి, కొలబద్ద తెచ్చి పెట్టి, "నేరుగానే ఉండాయి గదన్నా" అన్నాడు. నేరుగానే ఉన్నాయి.

మధ్యాహ్నానికి మోటారు నుంచి పొగ వచ్చింది. ఏసు స్విచ్చి కట్టేసి, బెల్టు విప్పి, చెయ్యి కాలుతున్నా గోనెపట్ట చుట్టి మోటారును కిందికి దించాడు. "నేను ముందే చెప్పినానే" అని వాడు అనలేదు. అని ఉంటే పచ్చయ్యప్పకు ఎంతో తేలికగా ఉండేది. మోటారు బాగుచెయ్యడానికి తీసుకుపోయిన మెకానిక్కు, ఇంక దీని పని అయిపోయింది, కొత్తది కొనండి అని కబురు పంపాడు. మూడున్నర లక్షల్లో మోటారుకు ఎంత, రేకులకు ఎంత, కమ్మలకు ఎంత అని పచ్చయ్యప్ప మనసు దానంతటదే పంచుకుపోయింది. ఏసు యాభై కూడా ఆ పంపకంలో కొంచెం తగ్గింది.

సాయంత్రం రాజ్‌మోహన్ ఫోను చేశాడు. "అన్నా, పార్టీ అడగతా ఉండాడు. ఊ అంటారా?"

"రేపు చెప్తా."

"రేపటికి మించితే పోతాడన్నా. మనకు మళ్ళీ దొరకడు."

వనజాక్షి పక్కనే ఉండి విన్నది. దీపం పెట్టి వచ్చి, కాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి ఆయన ఎదుట నిలబడింది.

"నేను మధ్యాన్నం ఏసు దగ్గరికి పోయినా. యాభై సంగతి నేనే చెప్దామని. నువ్వైతే నీళ్ళు నముల్తావని."

"చెప్పినావా?"

"నోరు రాలేదు. వాడు మోటారు దించినాక చేతికి బూడిద రాసుకుంటా ఉండాడు. నన్ను చూసి లేచి నిలబడినాడు. ఆ పొద్దు నేను నవ్విన నవ్వు గుర్తుకొచ్చింది నాకు." వనజాక్షి కొంగుతో ముఖం తుడుచుకుంది. "యాభై వద్దు, ఏం వద్దు. ఎగతాళికిచ్చింది అంటావే, పొయ్యి ఆ మాటే వాని మొహం చూసి చెప్పు. చెప్పగలిగితే అంతా నువ్వే తీసుకో, నేనేం మాట్లాడను."

"చెప్తా. నాకేం భయం? ఉన్న మాటే గదా" అన్నాడు పచ్చయ్యప్ప. అన్నాక కొంచెం ధైర్యం కూడా వచ్చింది. దాచిపెట్టి తీసుకుంటే దొంగతనం గానీ, ముఖాన చెప్పి తీసుకుంటే తప్పేముంది? ధర కూడా దాచడు. అంతా చెప్పి, ఒరే, అది నవ్వులాటకు ఇచ్చింది రా, ఇచ్చినట్టు కాదు అంటాడు. ఎంత నిజాయితీ!

*

శుక్రవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. షెడ్డులో ఉన్న పని కూడా ఆగిపోతే ఏసు అన్నానికని ఇంటికి వెళ్ళాడు. పచ్చయ్యప్ప మోపెడ్ మీద వెనకే బయలుదేరాడు. ఏసు ఇంటికి ఆయన ఇంతవరకు పోలేదు, పోవలసిన పని పడలేదు. కండిగై దాటి, పొలాల పక్కన సర్కారు పోరంబోకు స్థలంలో పది పన్నెండు ఇళ్ళు. ఏసు ఇల్లు ఏదని బోరింగు దగ్గర నీళ్ళు పట్టే ఆమెను అడిగాడు.

"ఎనిమిదుల ఇల్లా? అదో, ఆ నీలం తలుపు" అంది ఆమె.

పచ్చయ్యప్ప మోపెడ్ ఆపి దిగి తలెత్తి చూశాడు. తలుపు పైన సున్నం కొట్టిన గోడ మీద, ఆ చివర నుంచి ఈ చివర దాకా, అరచేయంత అంకెలు నీలం రంగుతో రాసి ఉన్నాయి. మూడు ఎనిమిదులున్న అయిదంకెలు. పక్కన డాట్ కామ్. వానకు రంగు వెలిసినచోట మళ్ళీ దిద్దిన గుర్తులు కూడా ఉన్నాయి.

ఏసు భార్య జీవిత గబగబా కుర్చీ తెచ్చి వాకిట్లో వేసింది. ఏసు అన్నం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కొని వచ్చి, గడప పక్కన నిలబడ్డాడు.

"అన్నా, కరెంటు వచ్చేసిందా? వస్తా ఉండా."

"కరెంటు రాలేదు. నువ్వు తిను పోరా."

ఏసు పోలేదు. పచ్చయ్యప్ప కళ్ళు గోడ మీదే ఉండడం చూసి జీవిత నవ్వింది.

"మాది పోరంబోకు గదన్నా. డోరు నంబరు ఇయ్యరు. యాడికి పోయినా, ఏ కాగితానికైనా, డోరు నంబరేది అని అడిగి ఎనక్కి పంపుతా ఉండ్రి. ఈయన ఒకపొద్దు రంగు తెచ్చి ఇది రాసేసినాడు. ఇప్పుడు పోస్టాయన దీనికే వస్తాడు, గ్యాసాయన దీనికే వస్తాడు. మజ్జిగ తాగుతారా?"

మజ్జిగ వచ్చింది. పచ్చయ్యప్ప తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. రాత్రంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ వరసగా రాలేదు.

"ఏసూ, పార్టీ వచ్చింది వెయ్యినూటపదహారుకు కాదు రా. దీనికి." గోడ వైపు చెయ్యి చూపించాడు. "మూడున్నర లక్షలు ఇస్తామంటా ఉండారు."

జీవిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయితే ఒక మాట. ఇది ఆయుధపూజ నాడు నీకు నేను... అంటే, ఆ పొద్దు నేను ఇచ్చింది నిజానికి..."

"ఎగతాళికి ఇచ్చినారు" అన్నాడు ఏసు. "ఆ పొద్దే తెలుసన్నా. అందరూ నవ్వినారు, నేనూ నవ్వినా. నవ్వకపోతే ఏడవాల గదా, పండగపూట ఎందుకని."

పచ్చయ్యప్ప తల వంచుకున్నాడు.

"తెలిసీ ఎందుకు తీసుకున్నావు రా?"

"పళ్ళెంలో పెట్టి ఇచ్చినారు. మగ్గం ముందర. తీసుకోకుంటే ఎట్లన్నా?" ఏసు గొంతు పెద్దది చెయ్యలేదు. "ఇంటికొచ్చి చీటీ చింపేద్దామనుకున్నా. మళ్ళా అనుకున్నా, ఎగతాళి వాళ్ళది, నంబరు నాది. ఏటా కూలీలో కట్టినా. ఇంత రేటొస్తాదని కాదు. నాదని చెప్పుకొనేదానికి ఒకటుండాది గదా అని కట్టినా."

పచ్చయ్యప్ప ఖాళీ మజ్జిగ గ్లాసును కుర్చీ కిందికి జరిపాడు. ఏసే మళ్ళీ అన్నాడు.

"కాగితం మీ పేర్నే ఉండాది. మీరు తీసుకుంటే అడిగేదానికి నాకేముంది? తీసుకోండి. ఒక్కటే అన్నా. అందరి ముందర ఇచ్చినారు గదా, అందరి ముందరే తీసుకోండి. ఎగతాళికిచ్చినా, ఇప్పుడు రేటొచ్చింది, తీసుకుంటా ఉండానని షెడ్డులో ఒక మాట చెప్పండి. అట్ల చెప్పినాక నేను ఎప్పటిమాదిరే పనికొస్తా."

ఇంతకంటే వాడు తిట్టి ఉంటే బాగుండేదని పచ్చయ్యప్పకు అనిపించింది. తిడితే తిరిగి తిట్టవచ్చు. రేపు షెడ్డులో నిలబడి ఆ మాట చెబుతున్నట్టు ఒక్కసారి ఊహించుకున్నాడు. నాలుగో మగ్గం ముసలాయన, నూలు తోడే ఆడవాళ్ళు, వనజాక్షి. ఆనాడు నవ్వినవాళ్ళందరూ ఉంటారు. ఎవరి ముఖం ఎట్లా ఉంటుందో కూడా కనిపించింది.

"అన్నా" అంది జీవిత మెల్లగా. ఆమె చూపు భర్త మీదా లేదు, పచ్చయ్యప్ప మీదా లేదు. "మీరు అమ్మేస్తే, గోడమీది నంబరు చెరిపెయ్యాల్నా? పోస్టాయన మళ్ళీ తప్పిపోతాడు."

పచ్చయ్యప్ప లేచాడు. కళ్ళు చెమర్చాయి, అది వాళ్ళ కంట పడకూడదని అటు తిరిగాడు. జేబులోంచి ఫోను తీసి రాజ్‌మోహన్‌కు కలిపాడు. ఎందుకో స్పీకర్ కూడా పెట్టాడు. ఆ చివర ఫ్యాను చప్పుడు, దాని వెనక రాజ్‌మోహన్ గొంతు ఒకే ఊపిరిలో వచ్చాయి.

"ఊ అంటారా అన్నా? మెయిలు రెడీగా ఉండాది."

"మెయిలు ఆపు. ముందు ఓనరు పేరు మార్చాల."

"ఎవురి పేరు?"

"ఏసు. మా షెడ్డులో పడుగు అతికే ఏసు. అమ్మేది అమ్మకపోయేది ఆయనిష్టం. డబ్బు ఆయన బ్యాంకుకే రావాల."

"ఏందన్నా ఇది! మొన్న నాదే అంటిరే?"

"అంటిని. ఆశపడి అబద్ధం చెప్తిని" అన్నాడు పచ్చయ్యప్ప. ఆ మాట వాకిట్లో అందరికీ వినిపించింది. పక్కింటి గోడ మీదినుంచి ఇద్దరు తొంగి కూడా చూశారు. ఆయన గొంతు తగ్గించలేదు.

అవతల రాజ్‌మోహన్ కీబోర్డు టకటకలాడింది.

"సరి, మారుద్దాం. పార్టీని నేను సాయంత్రం వరకు నిలబెడతా. ఇట్లాంటి వాటికి ఒక చిన్న కాగితం రాయాల. ఫలానా రోజున ఈ నంబరు వానికి ఇచ్చినానని. ఆయనకు ఎప్పుడిచ్చినారన్నా?"

పచ్చయ్యప్ప వెనక్కి తిరిగాడు. ఏసు గడప పక్కనే, చేతులు కట్టుకొని, ఆయన ముఖంలోకి సూటిగా చూస్తున్నాడు.

"ఈ పొద్దే" అన్నాడు పచ్చయ్యప్ప. "ఈ పొద్దే ఇచ్చినా."